పెళ్లి ముందా, ప్రయాణం ముందా

బుజ్జమ్మ పళ్ళు చేస్తుంది. ఊళ్ళో సగం మంది పళ్ళ డాక్టర్లు తీసిన అచ్చులు ఆమె పనిచేసే ల్యాబుకే వస్తాయి. వాటిల్లో సుద్ద పోసి, గట్టిపడ్డాక దాని మీద పింగాణి పొడిని తడిపి, సన్నటి కుంచెతో పొర మీద పొర వేసి, ఫర్నేసులో కాల్చి, ఎవరి నోటికి తగ్గ పన్ను వాళ్ళకి తయారు చేస్తుంది. సిగరెట్లు తాగేవాడికి పాలలాంటి తెల్ల పన్ను పెడితే పక్క పళ్ళన్నీ సిగ్గుపడతాయంటుంది. అందుకని కాస్త పసుపు, అంచున కాస్త బూడిదరంగు కలుపుతుంది. ముప్ఫై నాలుగేళ్ళు వచ్చినా, తన కింద నలుగురు పనిచేస్తున్నా, అందరికీ ఆమె బుజ్జమ్మే. ఆ పేరు మేనత్త పెట్టింది.

తల్లి పోయి, తండ్రి ఇంకో పెళ్లి చేసుకుని వేరే ఊరు వెళ్ళిపోయాక, ఏడాది నిండని పిల్లని ఆ మేనత్తే చంకనేసుకుంది. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. రైల్వే స్టేషన్లో రాకపోకలు మైకులో చెప్పే ఉద్యోగం చేసి రిటైరైంది. ఏ మాటైనా ఆవిడ అందరికీ వినపడేలా, ఒత్తి ఒత్తి, రెండుసార్లు చెబుతుంది. పక్క వాటా వాళ్ళకి ఈ ఇంటి సంగతులన్నీ కంఠోపాఠం.

ల్యాబు ఓనరు ఒక ఏడాది పళ్ళు చెక్కే మెషిను తెప్పించాడు. కంప్యూటర్లో బొమ్మ గీస్తే చాలు, అదే చెక్కేస్తుందని అన్నారు. బల్లల ముందు కూర్చున్నవాళ్ళ గుండెల్లో రాయి పడింది. మెషినుతో పాటు, దాన్ని బిగించడానికి పరాయి దేశం నుంచి ఒక మెకానిక్కు కూడా దిగాడు. పొడుగాటి మనిషి, మాట తక్కువ, ముందుపన్ను ఒకటి సగం విరిగి ఉంది. నేల సమంగా లేక మెషిను వణుకుతోందని కనిపెట్టి, రెండు రోజులు బోర్లా పడుకుని దాని కాళ్ళ కింద రేకుముక్కలు పెడుతూ గడిపాడు. మూడోరోజు అది మొదటి పన్ను చెక్కింది. అందరూ మూగారు. అతను ఆ పన్ను తీసి బుజ్జమ్మ చేసిన పన్ను పక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇది పన్నులా ఉంది," అన్నాడు మెషిను చెక్కినదాన్ని చూపిస్తూ. "అది పన్ను."

వచ్చీరాని భాషలో అన్న ఆ మాటతో బల్లల ముందు వాళ్ళందరికీ ఊపిరి తిరిగొచ్చింది. బుజ్జమ్మకి మాత్రం ఊపిరి కాస్త తడబడింది.

వెళ్ళేలోపు ఆమె అతని విరిగిన పన్ను సంగతి అడిగింది. చిన్నప్పుడు స్పానరు జారి తగిలిందట. మరి ఇన్నాళ్ళూ ఎందుకు కట్టించుకోలేదంటే, ఎవరూ అడగలేదన్నాడు. ఆమె డాక్టరుతో మాట్లాడి, కొలత తీయించి, స్వయంగా చేసి పెట్టించింది. అద్దంలో చూసుకుని అతను నోరు మూసుకోవడం మర్చిపోయాడు.

ఆ తర్వాత అతను మెషిను సర్వీసింగని చెప్పి ఏడాదిన్నరలో నాలుగుసార్లు వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు మేనత్త, "అంత తరచుగా చెడిపోయే మెషిను ఎందుకు కొన్నాడే మీ ఓనరు?" అని అడిగింది. బుజ్జమ్మ మొహం చూశాక మళ్ళీ అడగలేదు. నాలుగోసారి అతన్ని భోజనానికి తీసుకురమ్మంది. అతను తిన్నంతసేపూ తలెత్తలేదు. తిన్నాక మాత్రం లేచి, కిర్రుమంటున్న వంటింటి తలుపుకి నూనె రాసి వెళ్ళాడు.

"మేనకోడలి మొగుడంటే వరసకి నాకు కొడుకే," అంది మేనత్త అతను మెట్లు దిగాక, కింద వాటాదాకా వినపడేలా. "నాకు నచ్చాడు. పెళ్లి మాత్రం నా కళ్ళ ముందు జరగాలి. నా కళ్ళ ముందు."

అంత గట్టిగా చెప్పడానికి కారణముంది. ఆవిడకి చెవి ఆపరేషనైంది. విమానమెక్కితే ఉన్న కాస్త వినికిడీ పోతుందని డాక్టరు ఎప్పుడో తేల్చేశాడు. సముద్రం అవతలి ఆ దేశానికి ఏ రైలూ వెళ్ళదని ఆవిడకంటే బాగా తెలిసినవాళ్ళెవరు?

ఎవరు ఎవరి దేశం వెళ్ళాలన్న దగ్గర పెద్ద తర్జనభర్జన లేదు. బుజ్జమ్మ చదువు అక్కడ చెల్లదు, పరీక్షలన్నీ మళ్ళీ రాయాలి. పైగా మేనత్తకి ఆమె తప్ప ఎవరూ లేరు. "మా అమ్మ దగ్గర అక్క ఉంది. మీ అత్త దగ్గర నువ్వే ఉన్నావు. నేను వస్తాను," అన్నాడతను ఫోన్లో, స్క్రూ ఎటు తిప్పాలో చెప్పినంత మామూలుగా.

ఎలా రావాలన్నదే తేలలేదు. అందుకని బుజ్జమ్మ వీసాల పని చూసే ఒక వకీలమ్మ దగ్గరికి వెళ్ళింది. బల్లమీద ఫైళ్ళ గుట్టలు, గుట్టల మధ్య చల్లారిపోయిన టీ, ఆ వెనకాల చిన్న మనిషి. వకీలమ్మ రెండు దారులున్నాయని చెప్పింది. మొదటిది, పెళ్లి కాకుండానే, కాబోయే మొగుడిగా అతన్ని ఇక్కడికి రప్పించుకోవడం. ఇది కాస్త తొందరగా తెములుతుంది. కానీ వచ్చిన కొద్ది వారాల్లోనే పెళ్లి చేసుకోవాలి. ఆ తర్వాత కాగితాలు చేతికొచ్చేదాకా, అంటే నెలల తరబడి, అతను ఉద్యోగం చెయ్యకూడదు, దేశం దాటి వెళ్ళకూడదు. రెండోది, ముందు వాళ్ళ దేశంలో పెళ్లి చేసుకుని, మొగుడి హోదాలో అర్జీ పెట్టడం. దీనికి ఏడాదో, ఆ పైనో పడుతుంది. అన్నాళ్ళూ ఎవరి దేశంలో వాళ్ళుండాలి. కాకపోతే ఒకసారి అడుగు పెట్టాక అతను మర్నాడే పనిలోకి వెళ్ళిపోవచ్చు.

"తొందరా, నిలకడా అన్నదే తేడా," అంది వకీలమ్మ. "ఏది ఎంచుకున్నా రెండూ కలపొద్దు. మొదటి దారిలో వచ్చేవాడికి అప్పటికే పెళ్లయినట్టు అనుమానమొస్తే అర్జీ అక్కడికక్కడే కొట్టేస్తారు."

బుజ్జమ్మ మొదటి దారే ఎంచుకుంది. మేనత్త కళ్ళ ముందు పెళ్లి, అతను తొందరగా రావడం, రెండూ కలిసొచ్చే దారి అదొక్కటే కదా. ఇద్దరూ కలిసి దిగిన ఫోటోలు కావాలని వకీలమ్మ అడిగితే వెతికి చూశారు. ఉన్న ప్రతి ఫోటోలోనూ ఇద్దరి మధ్యా మెషినే ఉంది. ఆఫీసరు చూస్తే ఎవరు ఎవర్ని చేసుకుంటున్నారో తేల్చుకోలేడని వకీలమ్మ నవ్వింది. అతను మళ్ళీ వచ్చినప్పుడు మేనత్త ఇద్దర్నీ బాల్కనీలో నిలబెట్టి తనే తీసింది. చొక్కాలు, చేతులు, పూలకుండీలు చక్కగా పడ్డాయి. తలలు పడలేదు.

అర్జీ పంపేముందు ఒకసారి కాబోయే అత్తగారిని చూసి రావాలనిపించింది బుజ్జమ్మకి. సెలవు పెట్టి వెళ్ళింది.

ఆవిడ ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి. వెడల్పాటి భుజాలు, పెద్ద చేతులు. ఇప్పుడు గుండె బలహీనపడి, మంచం నుంచి కిటికీ దాకా నడిస్తే ఆయాసం. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. మొదటి రెండు రోజులూ ఒకళ్ళనొకళ్ళు చూసి నవ్వుకోవడంతోనే సరిపోయింది. మూడోరోజు పొద్దున బుజ్జమ్మ గమనించింది, ఆవిడ రొట్టె ఒకవైపే నములుతోంది, నమిలినప్పుడల్లా ఎడమకన్ను చికిలిస్తోంది. ఆమె దగ్గరికెళ్ళి కూర్చుని తన చెంప మీద వేలు పెట్టి చూపించి, నొప్పా అన్నట్టు మొహం పెట్టింది. ఆవిడ కాసేపు తటపటాయించింది. తర్వాత కొడుకుని బయటికి పొమ్మని సైగ చేసి, కట్టుడు పళ్ళ సెట్టు తీసి కోడలి చేతిలో పెట్టింది.

కొడుకు ముందు కూడా ఎప్పుడూ తియ్యని సెట్టు అది. లోపల ఒకచోట అంచు దిగి చిగుళ్ళని కోసేస్తోంది. బుజ్జమ్మ అతని పనిముట్ల పెట్టెలోంచి అన్నిటికన్నా సన్నటి ఆకురాయి తెప్పించి, కడిగి, కిటికీ దగ్గర కూర్చుని కొంచెం రాయడం, పెట్టి చూడడం, మళ్ళీ రాయడం, ఇలా మధ్యాహ్నం దాకా పట్టు వదల్లేదు. చివరికి పళ్ళపొడితో నున్నగా తోమి ఇచ్చింది. ఆవిడ పెట్టుకుని, రెండువైపులా నమిలి చూసి, బుజ్జమ్మ తలని తన పెద్ద చేతుల మధ్యకి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. ఆ సాయంత్రం ఆపిల్ పండు కొరుక్కుని తింది. వంటింట్లోంచి అది చూసి ఆవిడ కూతురు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ కొడుకుని ఏదో అడిగింది. అతను జవాబు చెప్పాడు. ఆవిడ సరేనని తలూపి కిటికీ వైపు తిరిగింది. ఏమిటని బుజ్జమ్మ అడిగితే, పెళ్లెప్పుడని అడిగిందనీ, అక్కడే చేసుకుంటామని చెప్పాననీ అన్నాడు.

మర్నాడు ఆవిడ ఇంకోమాట అడిగించింది. పెళ్లి అక్కడే చేసుకోండి, తప్పులేదు. వెళ్ళేలోపు ఒక్కసారి మీరిద్దరూ మంచి బట్టలు కట్టుకుని, చేతుల్లో పూలు పట్టుకుని ఈ గదిలో నిలబడితే చాలు, నేను చూసుకుంటాను, అని. ఇంకేమీ వద్దట.

బుజ్జమ్మకి అది కాదనాలనిపించలేదు. అయినా మనసులో ఏదో పీకుతుంటే వకీలమ్మకి ఫోన్ చేసింది. వద్దంది వకీలమ్మ. పూలు, మంచి బట్టలు, చుట్టూ చుట్టాలు. ఎవరో ఒకరు ఫోటో తీస్తారు, ఎవరో ఒకరు నలుగురికీ పంపుతారు. రేపు ఆఫీసరు, మీకు పెళ్లైందా కాలేదా అని అడిగితే ఏం చెబుతావు, తల్లి సరదా కోసం నిలబడ్డామంటే వాళ్ళు నమ్ముతారా, అని అడిగింది.

అతను ఆ మాట విని, ఫర్వాలేదు, అమ్మకి నచ్చజెబుతానన్నాడు. తల్లి గదిలోకి వెళ్ళి రెండు నిమిషాల్లో బయటికొచ్చాడు. అర్థం చేసుకుందన్నాడు. తర్వాత పెరట్లోకి వెళ్ళి సైకిలు తలకిందులుగా నిలబెట్టి దాని బోల్టులన్నీ బిగించడం మొదలుపెట్టాడు. అవన్నీ నిన్ననే బిగించాడు. బుజ్జమ్మ గుమ్మంలో నిలబడి అతని వీపు చూస్తూ ఉండిపోయింది. ఆ మనిషి తన కోసం దేశం వదిలి వస్తున్నాడు, ఆ సంగతి ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఎత్తి చూపలేదు.

వెళ్ళి అతని పక్కన చతికిలబడింది.

"ఉత్తుత్తి పెళ్లి వద్దు," అంది. "నిజం పెళ్లే ఇక్కడ చేసుకుందాం."

అతని చేతిలో స్పానరు ఆగింది. "అప్పుడు రెండో దారి. ఏడాది."

"తెలుసు."

"మీ అత్త?"

ఆమె ఫోన్ తీసుకుని వీధి చివరిదాకా నడుచుకుంటూ వెళ్ళి మేనత్తకి చేసింది. చెప్పాల్సిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. రెండుసార్లు చెప్పే అలవాటున్న మనిషి ఒక్కసారి కూడా ఏమీ అనకపోతే ఎలా ఉంటుందో బుజ్జమ్మకి అప్పుడే తెలిసింది.

"పెళ్లి హాలు వాడితో మాట్లాడేశాను," అంది చివరికి మేనత్త. "సరేలే. పొయ్యి మీద పాలున్నాయి." పెట్టేసింది.

ఆ సాయంత్రమంతా బుజ్జమ్మ ముక్కు చీదుకుంటూనే ఉంది. ఎటు తిరిగినా ఒక అత్తని ఏడిపించే దారే కనిపించింది. మర్నాడు ఇంకా మంచం దిగకముందే ఫోన్ మోగింది.

"ఏడ్చావా?" అంది మేనత్త.

"లేదు."

"అబద్ధం. గొంతు తెలీదా నాకు? నేనూ ఏడ్చాను, చెప్పుకోడానికి సిగ్గెందుకు? ఇదుగో విను. నీకు పాలపళ్ళు రావడం చూశాను, ఊడడం చూశాను. స్కూలుకి పోనని స్టేషన్లో నా కుర్చీ కిందకి దూరడం చూశాను. ముప్ఫై ఏళ్ళు పొద్దున్న లేస్తే నీ మొహమే చూశాను. ఆవిడకి నువ్వు దొరికింది ఒక్క వారం. ఆ ఒక్క పూట ఆవిడకి వదిలేస్తే నాదేం తరిగిపోదు."

బుజ్జమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"ఇంకోటి. ఆ మొదటి దారిలో అతను నెలల తరబడి పనిలేకుండా ఇంట్లో కూర్చోవాలన్నావా లేదా? కూర్చుంటే మన ఫ్యాన్లు, మిక్సీ, ఇస్త్రీపెట్టె అన్నీ విప్పి కుప్ప పోస్తాడు. నా వల్ల కాదు. వచ్చిన మర్నాడే పనిలోకి పోయే దారే మంచిది. నీకు చెప్పలేదు గానీ నాకు ముందు నుంచీ అదే ఇష్టం."

ముందు నుంచీ ఆవిడకి అది ఇష్టం లేదని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ నవ్వారు. వకీలమ్మకి ఆ రోజే చెప్పారు. అత్త ఒప్పుకుందని బుజ్జమ్మ అంటే, ఏ అత్త అని ఆవిడ అడగాల్సి వచ్చింది.

సెలవు పొడిగించమని ఓనరుని బతిమాలుకుని, కావలసిన కాగితాలు తెప్పించుకునేసరికి ఇంకొన్ని వారాలు గడిచాయి. పెళ్లి మునిసిపల్ ఆఫీసులో. తీరా వెళ్ళాక తెలిసింది, పెళ్లిళ్ళ గది మేడ మీద ఉంది, లిఫ్టు లేదు. తల్లి చక్రాల కుర్చీలో కింద ఉండిపోయింది. ఫర్వాలేదు, మీరు వెళ్ళిరండి అన్నట్టు చెయ్యి ఊపింది. అతను కుర్చీతో సహా ఎత్తుకు తీసుకెళ్తానని చొక్కా చేతులు మడుస్తుంటే, పైనుంచి పెళ్లిళ్ళ ఆఫీసరు చూసింది. కళ్ళజోడు ముక్కు చివరికి జారిన పెద్దావిడ. ఏం మాట్లాడకుండా రిజిస్టరు చంకలో పెట్టుకుని మెట్లు దిగి వచ్చి, గేటు కాపలా మనిషి బల్ల మీదున్న టిఫిను డబ్బా పక్కకి జరిపి, అక్కడే పెళ్లి చేసింది.

బుజ్జమ్మ అటు అత్తగారి ముందు నిలబడి సంతకం పెడుతుంటే, ఇటు ఆడపడుచు ఫోన్ ఎత్తి పట్టుకుంది, మేనత్త చూడ్డానికి. ఫోన్లో మాత్రం మొదటి నుంచి చివరిదాకా తమ ఇంటి సీలింగు ఫ్యాను తిరగడమే కనిపించింది. ఫోన్ సరిగ్గా పట్టుకో అత్తా అంటే, "నేను కనబడక్కర్లేదు. నాకు మీరు కనిపిస్తున్నారు. కానివ్వండి," అని వినిపించింది. ఆ వెంటనే ముక్కు చీదిన చప్పుడు.

నాలుగు రోజుల తర్వాత ఆమె ఒక్కతే తిరిగొచ్చింది.

ఆ ఏడాది తేలిగ్గా గడవలేదు. అర్జీ వెళ్ళింది. నెలలపాటు జవాబు రాలేదు. వచ్చిన జవాబు ఇంకేవో కాగితాలు అడిగింది. ల్యాబులో అందరూ మీ ఆయనెప్పుడొస్తాడని అడుగుతుంటే, అడిగిన ప్రతివాడికీ ఒక వంకర పన్ను చేసి పెట్టాలనిపించేది. ఒకసారి ఫోన్లోనే ఇద్దరూ పోట్లాడుకున్నారు, మొదటి దారిలో ఉంటే ఈపాటికి వచ్చేసేవాడివని ఆమె నోరు జారింది. పొద్దున్నే పనుందని అతను ఫోన్ పెట్టేశాడు. తిట్టినా బాగుండేది. ఆ వారం ఆమె చేసిన పళ్ళలో రెండు ఫర్నేసులో పగిలాయి.

చలికాలంలో అతని తల్లిని ఆస్పత్రిలో చేర్చారు. అతను పగలు పనికి వెళ్ళి, మిగతా సమయమంతా మంచం పక్కనే గడిపాడు. ఒకరోజు ఆస్పత్రి వరండాలోంచి ఫోన్ చేసి, "మొదటి దారిలో వచ్చుంటే ఇప్పుడు ఇక్కడికి రాలేను కదా," అన్నాడు. ఆమె అవునంది. ఆ తర్వాత ఆలస్యం గురించి వాళ్ళ మధ్య మళ్ళీ మాట రాలేదు.

ఆవిడ కోలుకుని ఇంటికొచ్చింది, కానీ మునుపటి మనిషి కాదు. సరిగ్గా అప్పుడే వీసా వచ్చింది. ఫలానా తేదీలోపు ప్రయాణం చెయ్యాలని దాంట్లో ఉంది. అతను గడువు చివరిదాకా ఆగుతానన్నాడు. ఉండమనే బుజ్జమ్మ కూడా అంది. తల్లి ఒప్పుకోలేదు. కూతురి చేత ఫోన్ చేయించి, దుబాసీగా కొడుకునే కూర్చోబెట్టి, తన మాట కోడలికి చెప్పించింది. అతను చెవులు ఎర్రబడిపోతుంటే తల వంచుకుని అప్పజెప్పాడు.

"మా అమ్మ అంటోంది... ఈ గాడిదని తీసుకుపో. పొద్దస్తమానం నా మంచం బోల్టులు బిగిస్తున్నాడు. నిద్ర పట్టనివ్వడం లేదు."

అతను వచ్చిన రోజు బుజ్జమ్మకి ఎయిర్‌పోర్టుకి వెళ్ళి తీసుకురావడానికే సెలవు దొరికింది. మర్నాటికి అందించాల్సిన పళ్ళ సెట్టు ఒకటి బల్లమీద ఆగిపోయి ఉంది. అతన్ని ఇంట్లో దించి, నిద్రపొమ్మని చెప్పి, ల్యాబుకి పరిగెత్తింది. చేతులు పని చేస్తున్నాయే గాని మనసు ఒక్కచోట లేదు. పని ముగించి ఇల్లు చేరేసరికి ఎండ దిగిపోతోంది.

బాల్కనీలో చాప వేసుకుని మేనత్త బఠానీలు ఒలుస్తోంది. అతను పక్కనే కూర్చుని, పొడవాటి కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెయిలింగు సందుల్లోంచి బయటికి వేలాడేసి, తనూ ఒలుస్తున్నాడు. ఎదురుగా చెంబుకి ఆనించిన ఫోన్లో అతని తల్లి. ఆవిడ వాళ్ళ భాషలో గట్టిగా ఏదో అంటోంది. మేనత్త అంతకంటే గట్టిగా తెలుగులో జవాబు చెబుతోంది. ఇద్దరి మధ్యా అతను తలవంచుకుని గింజలు రాలుస్తున్నాడు, ఎవరి మాటా ఎవరికీ అందించకుండా.

"ఏమంటున్నారు?" అని అడిగింది బుజ్జమ్మ చెప్పులు విడుస్తూ.

"ఒకటే మాట అంటున్నారు ఇద్దరూ," అన్నాడతను. "చిక్కిపోయానట. తప్పు మీదంటే మీదని."

ఆమె సంచీ గోడకి ఆనించి, అతని పక్కన ఉన్న కాస్త చోటులో సర్దుకుని కూర్చుని, గుప్పెడు కాయలు ఒళ్ళో పోసుకుంది.